పసుపు గీత

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అతని కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది. అక్కడ బ్రేకు లేదు. బ్రేకు ముందు సీట్లో కూర్చుని బస్సు నడుపుతున్న అతని భార్య కాలి కింద ఉంది. ఆవిడ స్టీరింగు పట్టిన ఇన్నేళ్ళలో ఒక్క సైకిలునైనా తగిలించిన పాపాన పోలేదు. అయినా డ్రైవరు వెనక సీటు అతనిదే, ఆ కాలు నొక్కడం నొక్కడమే. రోజూ ఎక్కేవాళ్ళకి ఇదొక వినోదం. బస్సు ఇద్దరు కలిసి నడుపుతారని వాళ్ళ హాస్యం. డ్రైవరుతో మాట్లాడరాదని అతని తల పక్కనే రేకు మీద రాసి ఉంది. ఆ నియమం మొగుళ్ళకి వర్తించదని అతని నమ్మకం.

"ఎడం పక్క స్కూటరు," అన్నాడు.

"చూశాను లెండి. వాడూ నన్ను చూశాడు. మీరొక్కరే బెంగపెట్టుకున్నారు," అంది ఆవిడ అద్దంలోంచి.

మనిషి పొట్టి. భుజాలు కాస్త ముందుకి వంగి, ఎప్పుడూ ఏదో కింద పడబోతుంటే పట్టుకోబోతున్నట్టు ఉంటాడు. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంటాడు. కుడిచేతి బొటనవేలి గోరు అంచున పసుపు రంగు ఇంకిపోయింది, ఎంత తోమినా పోదు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంటా బయటా ఎవరూ లేరు. ఇంట్లో ఏమండీ, పనిచేసేచోట 'మరోసారి'. ఏ బోల్టు బిగించినా "మరోసారి చూద్దాం" అంటాడని పెట్టిన పేరు అది. మొదట వెనకాల అనేవాళ్ళు, తర్వాత ముందరే అన్నారు, ఇప్పుడు అలా పిలవకపోతే అతనే పలకడు.

భయం అతనికి ఉద్యోగంతో వచ్చింది కాదు. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ పడుకున్నాక లేచి తలుపు గడియ తడిమి చూసి గానీ పడుకునేవాడు కాదు. దొంగలు కూడా ఇంత శ్రద్ధగా చూడరని వాళ్ళమ్మ మురిసిపోయేది, తర్వాత విసుక్కునేది. కూతురు పుట్టాక ఆ భయానికి ఇంకో గది కట్టినట్టయింది. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళే వయసొచ్చినా బూటు లేసులు తనే కట్టేవాడు, ముడి మీద ముడి. దాని పెళ్ళిలో వియ్యంకుడు కూర్చోబోయే కుర్చీలో ముందు తను కూర్చుని, ఊగి, లేచి, అప్పుడు ఆయన్ని కూర్చోమన్నాడు. ఆయన ఇప్పటికీ ఆ సంగతి పదిమందిలో చెప్పి నవ్విస్తుంటాడు. అతనూ నవ్వుతాడు గానీ, ఆ కుర్చీ నిజంగానే కొంచెం కదిలిందని అతనికి తెలుసు.

సిగ్నలు దగ్గర బస్సు ఆగింది. వెనక సీట్లో ఎవరో ఆవిడ సంచీ క్లిప్పు పెట్టుకుంది. టక్కుమంది.

ఆ చిన్న చప్పుడికి అతని గుండెల్లో రాయి పడింది.

నిన్న మధ్యాహ్నం ఫ్యాక్టరీ షెడ్డులో, పందేలకి దిగే కారులో డ్రైవరు బెల్టు బోల్టులు నాలుగూ బిగించింది తనే. బిగింపు సరిపోగానే టక్కుమనే పెద్ద పానా ఒకటి ఉంటుంది, దాంతో. టక్, గీత. టక్, గీత. టక్, గీత. ఆ మూడు చప్పుళ్ళూ ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. నాలుగోది? నాలుగో గీత కళ్ళముందు ఉంది, తడితడిగా, తిన్నగా. చప్పుడు మాత్రం లేదు. ఎంత తవ్వినా లేదు.

బిగించిన బోల్టు తల మీదుగా కింది రేకు మీదికి ఒక రంగు గీత గీయడం ఆ షెడ్డు పద్ధతి. బోల్టు ఏ కాస్త వదులై తిరిగినా గీత విరిగి పక్కకి జరుగుతుంది, చూసిన ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. అతనిది పసుపు. ఆ గీత సంతకంతో సమానం. ఇన్స్పెక్టరు కూడా గీత చూస్తాడే తప్ప బోల్టు ముట్టుకోడు. బిగించినదాన్ని కెలకకూడదు మరి. అందుకే ఆ షెడ్డులో అందరూ మొదట నేర్చుకునేది ఒకటే, పానా ముందు, కుంచె తర్వాత. నిన్న మూడో బోల్టుకీ నాలుగో బోల్టుకీ మధ్య వెల్డరమ్మ కేకేసింది, కాస్త దీపం పట్టుకోమని. వెళ్ళి పట్టుకున్నాడు. తిరిగొచ్చి బండిలోకి వంగాడు. వంగినప్పుడు చేతికి ముందు తగిలింది పానాయా, కుంచెయా?

కుంచేమో. కుంచే అయి ఉంటుంది. లేదు, పానా ఎత్తినట్టే ఉంది. కానీ అది మూడో బోల్టప్పుడు కావచ్చు.

ఇదంతా భార్యకి గొంతు తగ్గించి చెప్పాడు. ఆవిడ పచ్చదీపం పడగానే గేరు మార్చి, షెడ్డులో చెప్పి బోల్టు తీయించి చూడమంది. నవ్వుతారన్నాడు.

"నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, అంతేగా?" అంది ఆవిడ.

అంతే కాదని ఆవిడకీ తెలుసు. ఫ్యాక్టరీ గేటు దగ్గర అతను దిగుతుంటే చెయ్యి చాచి అతని చొక్కా మడత సరిచేసింది. ఆవిడ అలా చేయడం అరుదు. దానితో అతనికి ఇంకా భయం వేసింది.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యే బండి తెలియనివాళ్ళు ఉండరు. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, నేలకి కరుచుకుని దూకబోతున్నట్టుండే వెనక భాగం. మంగలి షాపు గోడమీద అదే, పిల్లల పెన్సిలు డబ్బాల మీద అదే. కొత్తగా డబ్బు చేసినవాడు ముందు కొనేదీ అదే. పెద్ద హాలులో అవి గొలుసు మీద ఒకదాని వెనక ఒకటి కదులుతూ పోతుంటాయి. అతను జీవితంలో ఎక్కువ కాలం ఆ గొలుసు పక్కనే సీట్లు బిగించాడు. గొలుసు ఎవరికోసమూ ఆగదు. ఒక సీటు బిగించి, సరిగ్గా పడిందా అని తల తిప్పేలోపు ఆ బండి ముందుకి పోయి ఇంకోటి ముఖం చూపిస్తుంది. చూడకుండా వదిలేసిన బండ్లు రాత్రి మంచం పక్కకి వచ్చి నిలబడేవి. పొద్దున్నే పేపరు తెరిచి ముందు ప్రమాదాలు చదివేవాడు. బండి ఫోటో పడితే అది తమదేనా, సీటు ఊడిందా అని కళ్ళజోడు పెట్టుకుని వెతికేవాడు. ఒక్కసారి కూడా సీటు ఊడలేదు. దానివల్ల అతనికి ధైర్యం రాలేదు సరికదా, ఆ ఊడేది ఇంకా ముందుందని దిగులు పడేవాడు.

పందెం బండ్ల షెడ్డు ఆ హాలు వెనక ఉంది. ఆ షెడ్డులోకి మార్చినరోజు అతను ఇంటికెళ్ళి భార్యతో, దేవుడు కనికరించాడన్నాడు. ఇక్కడ గొలుసు లేదు. పందెంలో దిగే బండి ఫ్యాక్టరీ తన చేత్తో తయారుచేసిందై ఉండాలని నియమం. అందుకని ఏడాదికి వేళ్ళమీద లెక్కపెట్టే బండ్లు ఇక్కడ తయారవుతాయి. మామూలు బండి ఒళ్ళే తీసుకొస్తారు. దానికి మెత్తలు వేయరు, కార్పెట్టు వేయరు, చప్పుడు రాకుండా వేసే తారు పలకలు వేయరు. తలుపు లోపలి పిడి బదులు ఓ గుడ్డ పట్టీ. కిటికీలకి గాజు బదులు పలచటి ప్లాస్టిక్కు. లోపలంతా ఇనప గొట్టాల పంజరం. మామూలు బండి పెళ్ళికి బయల్దేరిన మనిషైతే ఇది కుస్తీకి బయల్దేరిన మనిషి. ఒక్క బండితో వారాల తరబడి గడపవచ్చు. బిగించవచ్చు, చూడవచ్చు, మర్నాడొచ్చి మళ్ళీ చూడవచ్చు. లోకంలో అతని భయానికి విలువిచ్చిన చోటు ఏదైనా ఉంటే అది ఆ షెడ్డు ఒక్కటే.

ఆ విలువ కూడా ఈమధ్య తరిగిపోయింది. తప్పు అతనిదే. పోయినేడు ఒక బండికి ఇన్స్పెక్టరు సీలు వేశాక, చక్రం నట్టు మీద అనుమానం వచ్చిందని తీయించాడు. నట్టు రాయిలా బిగిసి ఉంది. ఈ ఏడాది మొదట్లో ఇంకో బండిని, పెట్రోలు గొట్టం సంగతి గుర్తురాక, లారీ ఎక్కించాక దింపించాడు. అదీ బిగిసే ఉంది. బండి ఓడరేవుకి ఆలస్యంగా చేరి ఓడ తప్పిపోయింది. అప్పుడు మేనేజరు షెడ్డుకొచ్చి అతనితో ఏమీ అనలేదు. షెడ్డు నడిపే మేస్త్రీతో అన్నాడు. సీలు వేసిన బండిని ఇంకొక్కసారి ఉత్తిపుణ్యానికి విప్పిస్తే ఈ మనిషిని మళ్ళీ గొలుసు దగ్గరికి పంపించేయమన్నాడు. మేస్త్రీ ఆ మాట అతనికి చెప్పేటప్పుడు బల్లమీది దుమ్ము వేలితో తుడుస్తూ చెప్పాడు.

గొలుసు అంటే మళ్ళీ ఆ రాత్రులు. మళ్ళీ ఆ పేపరు. ఈ వయసులో, ఈ కళ్ళతో. 

షెడ్డులో తెల్లటి బండి మధ్యలో నిలబడి ఉంది. తలుపుకీ ఒంటికీ మధ్య ఇన్స్పెక్టరు అంటించిన కాగితం సీలు. లోపల సీటు కూడా బిగించేశారు. అది నడిపేవాళ్ళ ఒంటికి అచ్చుపోసినట్టు చేసిన సీటు, విప్పితే తిరిగి కూర్చోబెట్టడం పెద్ద పని. నాలుగో బోల్టు దాని వెనక, ఎడం మూలన ఉంది. బయటినుంచి కనపడదు. అతను బండి చుట్టూ తిరిగాడు. ప్లాస్టిక్కు కిటికీకి నుదురు ఆనించి చూశాడు. కుడిపక్క రెండు గీతలు కనిపించాయి, పసుపుపచ్చగా, తిన్నగా. వాటి మీద అతనికి ఏ అనుమానమూ లేదు. ఊపిరికి కిటికీ మసకబారితే జేబురుమాలుతో తుడిచాడు.

ముందు వెల్డరమ్మ దగ్గరికి వెళ్ళాడు. పెద్ద చేతుల మనిషి, మాట కటువు, మనసు వెన్న. నిన్న తను దీపం పట్టుకుని వెళ్ళిపోయాక పానా చప్పుడేమైనా వినపడిందా అని, ఏదో మాటల్లో అడిగినట్టు అడిగాడు. ముసుగు వేసుకుని అతుకు పెడుతుంటే తన దగ్గు తనకే వినపడదంది ఆవిడ. తర్వాత అతని ముఖం చూసి చేతిలో పని కింద పెట్టింది.

"అన్నయ్యా, మళ్ళీనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. తర్వాత నిలువుగా ఊపాడు.

ఇలా అతనికి ఎన్నిసార్లు అనిపించిందో, ఎన్నిసార్లు బోల్టు బిగిసి ఉందో ఆవిడ గుర్తుచేసింది. అనుమానం పెనుభూతమంది. లారీ వెళ్ళేదాకా వెళ్ళి గోదాములో కూర్చోమని, బండి కంటికి ఎదురుగా లేకపోతే అదే సర్దుకుంటుందని సలహా ఇచ్చింది. సలహా మంచిదే. అతను గోదాము దాకా వెళ్ళాడు కూడా. అక్కడ టైర్ల మధ్య నిలబడి, ఆవిడ చెప్పినట్టే జరుగుతుందని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. బిగించే ఉంటాను. ఎప్పుడూ బిగించాను. చెయ్యి దానంతటది చేసుకుపోతుంది, గుర్తుండాల్సిన పనేముంది? అన్నం తిన్న ప్రతి ముద్దా గుర్తుంటుందా? కాసేపటికి గుండె కాస్త కుదుటపడింది కూడా. అంతలో పిట్ట వచ్చింది.

పిట్ట ఆ బండి నడపబోయే అమ్మాయి. సన్నగా, చిన్నగా ఉంటుందని షెడ్డువాళ్ళు పెట్టిన పేరు. హెల్మెట్టు పెట్టుకుంటే మనిషికన్నా తలే పెద్దగా కనిపిస్తుంది. బండి పంపించేముందు చూసి పోదామని వచ్చి, కిటికీలోంచి లోపలికి చూస్తోంది, ఆసుపత్రిలో అద్దం అవతల పసిబిడ్డని చూసినట్టు. అతన్ని గోదాము గుమ్మంలో చూసి చెయ్యి ఊపి తనే దగ్గరికి వచ్చింది. పోయినేడు పందెంలో ఆమె బండి పల్టీలు కొట్టి గోడకి తగిలింది. బండి తుక్కయింది. పిట్ట నడుచుకుంటూ బయటికొచ్చింది. ఆ బండి బెల్టులు బిగించిందీ అతనే.

బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారు. అప్పటినుంచీ నిద్ర సరిగ్గా లేదని ఆమె నవ్వుతూ చెప్పింది. ఆ గోడ కళ్ళముందుకి వస్తుందట. పందేలు మానేయమని వాళ్ళమ్మ గొడవ చేస్తోందట. తర్వాత గొంతు తగ్గించింది.

"నీకొక్కడికే చెప్తున్నా బాబాయ్. బయల్దేరే ముందు ప్రతిసారీ నాకు దిగి ఇంటికి పారిపోదామనిపిస్తుంది. బెల్టు బిగించుకుని పక్కకి వంగి నీ పసుపు గీత చూస్తా. అది తిన్నగా ఉంటే చాలు, ఇంజను స్టార్ట్ చేస్తా."

అతను పసుపు ఇంకిన బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకున్నాడు. తనలాంటి భయస్తురాలు ఇంకొకరు ఉన్నారని, ఆ మనిషి తన భయాన్ని తీసుకొచ్చి అతని గీతకి తగిలించి పోతోందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. తెలిస్తే ఈ పని చేయగలిగేవాడే కాదు.

బయట లారీ హారను వినిపించింది. అనుకున్న వేళకన్నా ముందే వచ్చేసింది. తలుపులు తెరుచుకున్నాయి, ఎండ నేలమీద పొడుగ్గా పడింది. లారీ వాళ్ళు బండి ముందు కొక్కేనికి తాడు తగిలించసాగారు. మేస్త్రీ చేతులూపుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతనికన్నా చిన్నవాడు. గొలుసు దగ్గర సీటు బిగించడం ఒకప్పుడు అతని దగ్గరే నేర్చుకున్నాడు. అందుకే ఇప్పటికీ అన్నా అంటాడు, తిట్టాల్సి వచ్చినా అన్నా అని తిడతాడు.

తాడు బిగుసుకుంది. బండి జానెడు కదిలింది.

అతను వెళ్ళి బండి ముక్కు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ చేత్తో బండి ఆగేది కాదు. కానీ లారీవాడు తాడు వదులు చేశాడు. మేస్త్రీ నడుచుకుంటూ వచ్చాడు. రాగానే కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పకు అన్నా," అన్నాడు. "నువ్వు చెప్పకు, నేను వినను."

"బెల్టు బోల్టు. నాలుగోది."

"బిగించలేదని తెలుసా? బిగించావో లేదో తెలీదా?"

"తెలీదు."

"పోయినసారీ ఇదే మాట."

"అవును."

మేస్త్రీ చుట్టూ చూశాడు. వెల్డరమ్మ, లారీవాళ్ళు, పిట్ట, అందరూ ఇటే చూస్తున్నారు. అతని మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. విప్పించానంటే మేనేజరుకి చెప్పక తప్పదన్నాడు. బోల్టు బిగిసి ఉంటే తను చేయగలిగిందేమీ లేదని, రేపటినుంచి గొలుసేనని, అందులో తన చెయ్యి లేదని చెప్పాడు. చెప్తున్నంతసేపూ మోచెయ్యి వదల్లేదు.

"బిగిసి ఉంటే మంచిదేగా," అన్నాడతను.

ఆ మాట విన్నాక మేస్త్రీ వెనక్కి వెళ్ళి జేబులోంచి చాకు తీసి, తలుపు మీది సీలు తనే కోశాడు. లారీ డ్రైవరు విసుక్కుంటూ బయటికెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

బండిలోకి బూట్లతో ఎవరూ దిగరు. లోపలి రేకు ఒట్టిది, మెత్తలు లేనిది, గీతలు పడుతుంది. అందుకని మెత్తటి గుడ్డచెప్పులు కుట్టించి పెట్టుకుంటారు. అతను బూట్లు విప్పి గోడవార పెట్టి, కొయ్యకి తగిలించిన తన జత తీసుకుని తొడుక్కున్నాడు. అవి అరిగి అతని పాదాల ఆకారంలోకి వచ్చేశాయి. ముందు మేస్త్రీ, వెల్డరమ్మ కలిసి సీటు విప్పి బయటికి తీశారు. ఆ పని తెమిలేదాకా అతను పక్కన నిలబడి చూశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననుకున్నాడు.

అప్పుడు పంజరం గొట్టం పట్టుకుని లోపలికి దిగి, ఎడం మూలకి వంగాడు. గీత అక్కడే ఉంది. వేలితో తడిమాడు. ఆరింది. ఎక్కడా వంకర లేదు, విరగలేదు, తన జీవితంలో గీసిన గీతల్లో ఇంత చక్కటిది ఇంకోటి లేదనిపించేటట్టు ఉంది. బిగిసే ఉంటుంది. ఇంత తిన్నగా గీసినవాడు బిగించకుండా ఎలా ఉంటాడు? గొలుసు దగ్గరికే పోదాం, ఫరవాలేదు, పేపరు చదవడం మానేద్దాం. పానా తల బోల్టుకి తొడిగి, ఒళ్ళంతా చెవి చేసుకుని నొక్కాడు.

పానా తిరిగింది.

టక్కుమనలేదు. ఇంకొంచెం నొక్కాడు. ఇంకా తిరిగింది. బోల్టు తల మీది సగం గీత, రేకు మీది సగం గీతని వదిలేసి పక్కకి వెళ్ళిపోయింది. అది అలా పోతూ ఉండగా చూస్తూనే ఉన్నాడు. చుట్టులో సగం పైన తిరిగాక అప్పుడు అంది, టక్.

షెడ్డులో అందరికీ వినపడింది. తిరగడానికి ఎంతసేపు పట్టిందో కూడా అందరికీ తెలిసింది.

ఇన్నేళ్ళ పనిలో అతని అనుమానం నిజమైంది ఇదే మొదటిసారి. నేను చెప్పలేదా అనే సంతోషం వెంట్రుకవాసంత కూడా రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ పిట్ట చెయ్యి ఆమెకి తెలియకుండానే పైకి లేచి భుజం మీద, బెల్టు వచ్చే చోట ఆగింది. అతను అది చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాకాలం అనుకున్నాడు.

మేస్త్రీ వంగి, జరిగిన గీతని చూశాడు. తర్వాత చాలా మెల్లగా, "మంచిపని చేశావన్నా. ఆపావు," అన్నాడు. మేనేజరుకి బోల్టు సంగతి తను చెప్పుకుంటానన్నాడు. బల్లమీదినుంచి పసుపు డబ్బా, కుంచె తెచ్చి లోపలికి అందించాడు.

అతను తీసుకోలేదు.

"నా రంగొద్దు. నీ ఎరుపు వెయ్యి."

"ఒక్క బోల్టేగా అన్నా."

"మిగతా మూడూ కూడా నువ్వు చూసి, నువ్వే వెయ్యి."

ఆ షెడ్డులో ఒకరి గీత మీద ఇంకొకరు గీయడం ఎన్నడూ లేదు. మేస్త్రీ ఒప్పుకోలేదు. మనిషన్నాక ఒకనాడు పొరపాటు జరుగుతుందని, భయపడే మనిషివి కాబట్టే బయటపడిందని, అందరూ నీలాగే ఉండాలని ఏదేదో అన్నాడు. అవన్నీ నిజమే కావచ్చు. అతను గొట్టం పట్టుకుని వంగే ఉండి, కింది రేకుతో చెప్పుకుంటున్నట్టు అన్నాడు:

"బిగించిన ప్రతి బోల్టుకీ నిద్ర మానుకున్నాను. నిన్న బిగించకుండా గీత గీసి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. భయపడాల్సిన రోజున నాకు భయం రాలేదు. ఇక దాన్ని నమ్ముకుని నేనేం పనిచేయను?"

మేస్త్రీ పసుపు డబ్బాకి మూత పెట్టి, ఎరుపు డబ్బా తేవడానికి వెళ్ళాడు.

అతను గొట్టం పట్టుకుని వెనక్కి దిగుతూ బండిలోంచి బయటికొచ్చాడు. తలుపు పక్కనే గుడ్డచెప్పులు విడిచి, మేజోళ్ళతో గోడదాకా నడిచి బూట్లు తొడుక్కున్నాడు. వెనక మేస్త్రీ మిగతా మూడు బోల్టులూ పరీక్షిస్తున్నాడు. టక్. టక్. టక్. మూడూ రాయిలా ఉన్నాయి. అతను తల తిప్పలేదు. మేస్త్రీ బయటికి తల పెట్టి రేపు మాట్లాడుకుందామన్నాడు. రేపు రాననీ, ఇక్కడికీ గొలుసు దగ్గరికీ కూడా రాననీ చెప్పాడతను. కోపంగా కాదు, బస్సెక్కేవాడు ఎక్కడ దిగాలో చెప్పినట్టు చెప్పాడు. వెల్డరమ్మ ముసుగు కిందికి లాక్కుంది. ఆమె చేతిలో అతుకు పెట్టే పని ఏదీ లేదు.

గుమ్మం దగ్గర పిట్ట అడ్డొచ్చింది.  "బాబాయ్," అని మాత్రం అంది. జాగ్రత్తమ్మా అన్నాడు. ఆ మాట అతను రోజుకి పదిమందికి చెప్తాడు. పక్కనుంచి తప్పుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు. భార్య బస్సు ఆ దారిన తిరిగొచ్చేదాకా గేటు బయట నిలబడి ఉంటాడు కాబోలు.

సీటు బిగించడానికి చాలాసేపు పట్టింది. ఇన్స్పెక్టరు వచ్చి ఎరుపు గీతలు నాలుగూ చూసి, పసుపు ఏమైందని అడిగాడు. ఎవరూ చెప్పకపోయేసరికి కొత్త సీలు అంటించి వెళ్ళిపోయాడు. తాడు బిగుసుకుంది. తెల్లటి బండి మెల్లగా కదిలి, పలకల మీదుగా లారీ ఎక్కింది. పిట్ట దాని వెనకే వెళ్ళింది. లారీ మలుపు తిరిగాక మేస్త్రీ షెడ్డు తలుపులు మూయడానికి వచ్చి, మూయకుండా నిలబడిపోయాడు.

బండి ఉన్నంత మేర నేల ఖాళీగా ఉంది, నాలుగు చక్రాల మచ్చలు తప్ప ఏమీ లేదు. బండి తలుపు ఉన్న చోట, మడమలు అరిగిన గుడ్డచెప్పులు రెండూ పక్కపక్కన, లోపలికి అడుగుపెట్టబోతున్నట్టు ముఖం అటు పెట్టి ఉన్నాయి.